పెట్టె ఒకరిది, ఆట ఎవరిది?



మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. పదో తరగతి మార్కుల మీద వాళ్ల నాన్నతో పందెం కాసి, గెలిచి, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సంపాదించాడు. తెల్లటి పెట్టె, లావుపాటి నిఘంటువంత ఉంటుంది. వాడు ఆ పెట్టే కావాలనడానికి కారణం ఒకే ఒక్క ఆట, ఫోర్జా హొరైజన్ 5. మెక్సికో రోడ్ల మీద, ఎడారుల్లో, వాన కురిసే అడవుల్లో కార్లు తోలే ఆట. పక్క వీధిలో ఉండే వాడి స్నేహితుడి దగ్గర సోనీ వాళ్ల ప్లేస్టేషన్ ఉంది. "ఈ ఆట నీ పెట్టెలో రాదురా" అన్న ఒక్క మాట మీద మావాడు చాలాకాలం దర్జాగా బతికాడు. 2025 ఏప్రిల్ నెలాఖరున ఆ ఆట కాస్తా ప్లేస్టేషన్‌కి కూడా వచ్చేసింది. దర్జా పోయింది. నా దగ్గరికి వచ్చి కూచున్నాడు. "మావయ్యా, ఆ ఆట చేసే స్టూడియోని మైక్రోసాఫ్ట్ వాళ్లు కొనుక్కున్నారు కదా. కొనుక్కున్నది అవతలివాడి పెట్టెలో ఆడించడానికా?" అన్నాడు.

పిల్లవాడు అడిగినా, పెద్ద ప్రశ్నే. ఆట పెట్టెలు తయారుచేసే కంపెనీలు, అంటే కన్సోల్ కంపెనీలు, సొంతంగా ఆటలు తయారుచేసే స్టూడియోలని పెంచుకుంటూ పోవాలా, వద్దా? నలభై ఏళ్ల పైనుంచీ ఈ వ్యాపారంలో అందరూ తలబద్దలు కొట్టుకుంటున్నది దీని గురించే.

మా చిన్నప్పుడు మాకు కంపెనీల గొడవ తెలీదు. వేసవి సెలవుల్లో వీధి చివర ఒకాయన తన ముందుగదిలో రెండు టీవీలు పెట్టి, గంటకింత అని తీసుకొని ఆడనిచ్చేవాడు. క్యాసెట్ పెట్టి ఆడే వీడియో గేమ్. బొమ్మ రాకపోతే క్యాసెట్ ఊడబెరికి, దాని అడుగున వరసగా ఉండే రాగి పళ్ల మీద ఉఫ్‌మని ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. అలా ఊదితే నిజంగా ఏమన్నా ఒరిగేదో లేదో కానీ, ఊదకుండా మాత్రం ఎవరూ పెట్టేవారు కాదు. అవి జపాన్ వాళ్ల నింటెండో పెట్టెకి నకళ్లని చాలా ఏళ్ల తరవాత తెలిసింది. నింటెండో అన్న పేరే మేం వినలేదు. పెట్టె మీద ఏం రాసి ఉన్నా దాన్ని "మారియో పెట్టె" అనేవాళ్లం. వస్తువుకి ఆట పేరే పేరైపోయింది. సొంత స్టూడియో ఎందుకూ అంటే, ముందుగా ఇందుకు.

వ్యాపారంగా చూస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. పెట్టె మీద లాభం స్వల్పం, చాలాసార్లు నష్టమే. ఎక్స్‌బాక్స్ పెట్టెల అమ్మకం మీద తమకి ఎన్నడూ లాభం రాలేదని 2021లో ఒక కేసు విచారణలో మైక్రోసాఫ్ట్ అధికారే సాక్ష్యం చెప్పారు. లాభమంతా ఆ పెట్టె మీద ఆడే ఆటల్లో ఉంది. బయటి కంపెనీ తన ఆటని ఆ పెట్టె మీద అమ్ముకుంటే, అమ్మిన ధరలో సుమారు నూటికి 30 పెట్టె యజమానికి ముడుతుంది. కూచున్న చోటికే వచ్చే డబ్బు. ఆట బాగోకపోతే నష్టం బయటివాడిది, బాగుంటే వాటా మనది. ఇంత సుఖం ఉండగా సొంతంగా వందల మందిని జీతాలిచ్చి పెట్టుకొని, నాలుగైదేళ్లు ఆట తయారుచేయించి, అది ఆడుతుందో లేదోనని గుండె చిక్కబట్టుకోవడం దేనికి?

కొత్తగా సంత పెట్టినవాడిని చూడండి. మొదటి వారం బయటి వర్తకులు రారు. జనం వస్తున్నారని తెలిస్తేనే వస్తారు. సరుకు ఉందని తెలిస్తేనే జనం వస్తారు. అందుకని మొదట సంత పెట్టినవాడే తన సరుకు పోసుకొని కూచోవాలి. పైగా బయటి వర్తకుడు అన్ని సంతల్లోనూ అదే సరుకు అమ్ముతాడు. మన సంతకే రమ్మని పిలవడానికి మన దగ్గరే దొరికేది ఒకటి ఉండాలి. ఇంతవరకూ ఎవరూ కాదనరు. ఆ సరుకు ఎంత ఉండాలి, దాన్ని ఎలా సంపాదించాలి అన్నదగ్గరే పేచీ.

కథ అమెరికాలో అటారీతో మొదలవుతుంది. 1977లో వాళ్ల పెట్టె బజారులోకి వచ్చింది. అప్పట్లో ఆటలన్నీ ఇంటివే, బయటి కంపెనీ అన్నదే లేదు. ఒక ఆటని ఒక్క మనిషే తయారుచేసేవాడు. ప్రోగ్రాం అతనిదే, బొమ్మలు అతనివే, శబ్దాలు అతనివే. ఆట అట్ట మీద మాత్రం అతని పేరుండదు. పేరు వేస్తే పక్క కంపెనీ ఎగరేసుకుపోతుందని యాజమాన్యం భయం.

వాళ్లలో వారెన్ రాబినెట్ అని ఒకాయన. అడ్వెంచర్ అనే ఆట చేశాడు. అందులో ఒక చోట, గోడ రంగులోనే కలిసిపోయే బూడిదరంగు చుక్క ఒకటి దాచాడు. కంటికి ఆనదు. దాన్ని పట్టుకెళ్లి సరైన గోడ దగ్గర నిలబడితే గోడ దారి ఇస్తుంది. లోపల గదిలో నిలువునా అక్షరాలు, ఈ ఆట చేసింది ఫలానా అని తన పేరు. పైవాళ్లెవరికీ చెప్పలేదు. ఆ రహస్యం బయటపడేనాటికి ఆయన ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక పదిహేనేళ్ల కుర్రాడు ఉత్తరం రాస్తే కంపెనీకి తెలిసింది. తాను చేసిన వస్తువు మీద తన పేరు కోసం ఒక మనిషి దొంగలా గోడ కట్టుకోవాల్సి వచ్చిందంటే, ఆ ఇంట్లో గాలి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

మరో నలుగురు ఇంత ఓపిక పట్టలేదు. డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, లారీ కప్లాన్, బాబ్ వైట్‌హెడ్. ఏ ఆట ఎంత అమ్ముడైందో కంపెనీ ఒక కాగితం పంచింది, ఇలాంటివే ఇంకా చేయండి అని చెప్పడానికి. వాళ్లు ఆ కాగితం తిరగేసి చూసుకుంటే, అమ్మకాల్లో పెద్ద ముక్క తాము నలుగురూ చేసిన ఆటలదే. తమ జీతాలేమో నామమాత్రం. పై అధికారి రే కసార్ బట్టల మిల్లుల వ్యాపారం నుంచి వచ్చినవాడు. వెళ్లి అడిగితే, మీ పని ఎంతో క్యాసెట్ బిగించే మనిషి పనీ అంతే అన్న ధోరణిలో జవాబొచ్చిందని క్రేన్ తరవాత చాలాసార్లు చెప్పాడు. 1979లో నలుగురూ బయటికొచ్చి సొంత కుంపటి పెట్టుకున్నారు. దాని పేరు యాక్టివిజన్. వేరేవాడి పెట్టె కోసం ఆటలు తయారుచేసి అమ్ముకునే మొట్టమొదటి బయటి కంపెనీ అదే. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అటారీ కోర్టుకెక్కింది కానీ, వాళ్లని ఆపలేకపోయింది. తలుపు తెరుచుకోగానే వాళ్ల వెనక పదులకొద్దీ కంపెనీలు చొరబడ్డాయి. చెత్తంతా బజారుకెక్కింది. ఇంటి సరుకు మాత్రం ఏమన్నా బాగుందా? ఈ.టీ. సినిమా హక్కులు కొని, 1982 క్రిస్మస్‌కి అందాలని ఐదు వారాల్లో ఆట చేయించారు. అమ్ముడుపోని క్యాసెట్లని మరుసటి ఏడు న్యూ మెక్సికోలో అలమొగార్డో ఊరి చెత్తదిబ్బలో పాతిపెట్టారు. ఇదంతా కట్టుకథ అనుకున్నవాళ్లు చాలామంది. 2014లో తవ్వి చూస్తే నిజంగానే బయటపడ్డాయి.

ఆ శిథిలాల మీద ఇల్లు కట్టుకున్నది నింటెండో. 1889లో క్యోటోలో పేకముక్కలు చేసి అమ్మడంతో మొదలైన కంపెనీ. 1983లో జపాన్‌లో పెట్టె తెచ్చింది. అమెరికాకి పంపేటప్పుడు అందులో ఒక తాళం చిప్ పెట్టింది. తన అనుమతి లేని క్యాసెట్ అందులో ఆడదు. ఏడాదికి ఇన్ని ఆటలే అని బయటి కంపెనీలకి పరిమితి కూడా పెట్టింది. తలుపు దగ్గర తాళం, లోపల ఆటలు రూపొందించే మియమోటో. డాంకీ కాంగ్, మారియో, జెల్డా అన్నీ ఆయన, ఆయన పక్కన కూచున్నవాళ్లు చేసినవే.

ఈ "పక్కన కూచోవడం" అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను. నింటెండో స్టూడియోలు కొనడంలో పరమ పిసినారి. ఇంగ్లండ్‌లో రేర్ అనే స్టూడియో ఉండేది. డాంకీ కాంగ్ కంట్రీ, గోల్డెన్ ఐ లాంటి ఆటలతో నింటెండోకి కాసులు కురిపించిన స్టూడియో. దాంట్లో 49 శాతం వాటా నింటెండోదే. మిగతాది కూడా కొనమంటే కొనలేదు. 2002లో మైక్రోసాఫ్ట్ 37.5 కోట్ల డాలర్లిచ్చి మొత్తం కొనుక్కుంది. బంగారు బాతుని వదులుకున్నారని అప్పుడు అందరూ నింటెండోని చూసి నవ్వారు. అయితే డాంకీ కాంగ్ బొమ్మ నింటెండోదే కదా, రేర్‌తో పాటు వెళ్లలేదు. ఎనిమిదేళ్ల తరవాత టెక్సస్‌లోని తన రెట్రో స్టూడియో చేత అదే కోతితో మళ్లీ ఆట చేయించుకుంది. రేర్ నుంచేమో పేరున్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. సీ ఆఫ్ థీవ్స్‌తో ఆ స్టూడియో మళ్లీ గట్టిగా నిలబడేసరికి 2018 వచ్చింది. కొన్నాక పదహారేళ్లు. మనుషులు నడిచి వెళ్లిపోగలిగిన చోట గోడలు కొంటే అంతే.

మరి కొననే కొనదా? కొంటుంది, ఏడుతరాలు చూసుకొని. కెనడాలో వాంకూవర్‌లోని నెక్స్ట్ లెవెల్ గేమ్స్ 2005 నుంచీ నింటెండోకి ఆటలు చేసిపెడుతోంది. మారియో ఫుట్‌బాల్ చేసింది, లుయీజీ దెయ్యాల మేడ ఆటలు చేసింది. కొన్నది 2021లో. పెళ్లిచూపులకీ పెళ్లికీ మధ్య పదిహేనేళ్లు దాటాయి! ఇంకా చిత్రమేమిటంటే, నింటెండోకి ఆయువుపట్టు లాంటి కొన్ని స్టూడియోలు అసలు నింటెండోవే కావు. కర్బీ ఆటలు చేసే హాల్ లాబొరేటరీ విడి కంపెనీ. పోకెమాన్ చేసే గేమ్ ఫ్రీక్ విడి కంపెనీ. అయినా ఆ ఆటలు ఏళ్ల తరబడి అవతలివాళ్ల పెట్టెలకి పోలేదు. ఒకప్పుడు దివాలా అంచుకి వెళ్లిన ఆ హాల్‌ని నిలబెట్టిన ప్రోగ్రామరు సతోరు ఇవాతా, తరవాత నింటెండోకే అధ్యక్షుడయ్యాడు.

ఇవాతా గురించి ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్లలేను. 2011లో ఒకసారి, 2014లో మరోసారి కంపెనీ అమ్మకాలు పడిపోయినప్పుడు ఆయన తన జీతం సగానికి కోసుకున్నాడు. ఉద్యోగుల్ని తీసేయొచ్చు కదా అని వాటాదార్ల సమావేశంలో అడిగారు. రేపు నన్ను తీసేస్తారేమో అని భయపడుతూ కూచున్నవాడు జనం మెచ్చే ఆట చేయలేడు అన్న అర్థంలో జవాబిచ్చాడు. ఆటల వ్యాపారంలో ఇంతకన్నా మంచి లెక్క నేనింతవరకు చూడలేదు.

మనుషుల్ని నిలుపుకోవడం మనకి కొత్తేమీ కాదు. విజయా సంస్థలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు నటుల్నీ సాంకేతికుల్నీ నెల జీతాల మీద పెట్టుకొని సినిమాలు తీసేవారు. తొలినాళ్లలో ఎన్.టి.రామారావు గారు కూడా అక్కడ నెల జీతగాడే. పాతాళభైరవి నుంచి మాయాబజార్ దాకా చూడండి, ఆ చేతులే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. అది షూటింగ్ ఫ్లోర్లు పెంచుకున్నందువల్ల వచ్చింది కాదు.

అలాగని నింటెండో పద్ధతిలో లోపం లేదనను. 2012లో వాళ్లు తెచ్చిన వీ యూ పెట్టెని బయటి కంపెనీలు వదిలేసి వెళ్లిపోయాయి. సొంత ఆటలొక్కటే మిగిలాయి. ఆ ఆటలు బాగున్నాయి కూడా. కానీ ఒక ఆటకీ ఇంకో ఆటకీ మధ్య నెలల తరబడి శూన్యం. మొత్తం అమ్ముడైంది సుమారు 1.36 కోట్ల పెట్టెలు. ప్రపంచంలోకెల్లా మంచి వంటవాడు ఇంట్లో ఉన్నా, ఒక్కడే వండుతుంటే బంతి ఆగిపోతుంది. అప్పుడు వాళ్లు చేసిన పని నాకు బాగా నచ్చింది. అప్పటిదాకా టీవీ పెట్టెకి వేరుగా, చేతిలో పట్టుకు ఆడే యంత్రానికి వేరుగా ఆటలు చేయాల్సి వచ్చేది. 2015లో ఆట తయారీ విభాగాలని కలిపేశారు. 2017లో ఇంట్లోనూ చేతిలోనూ ఆడే ఒకే యంత్రం తెచ్చారు. స్విచ్. పది స్టూడియోలు కొనకుండానే, ఉన్న మనుషుల పనంతా ఒక్క పెట్టె మీదికి చేరింది. స్విచ్ 15 కోట్లు దాటి అమ్ముడైంది.

ఇక సోనీ సంగతి. 2023 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కో కోర్టులో ఒక తమాషా జరిగింది. మైక్రోసాఫ్ట్ చేయబోయే ఒక పెద్ద కొనుగోలు మీద విచారణ. సోనీ తన లెక్కల కాగితం ఒకటి దాఖలు చేసింది. రహస్యమైన అంకెల మీద నల్ల మార్కరు పెన్నుతో కొట్టేశారు. ఆ కాగితాన్ని స్కాన్ చేస్తే, నలుపు కింద అంకెలు చక్కగా కనిపించాయి! అలా లోకానికి తెలిసింది ఏమిటంటే, ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి 22 కోట్ల డాలర్లు ఖర్చయింది. హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్‌కి 21.2 కోట్లు. మొదటిదానికి రెండు వందల మంది, రెండోదానికి మూడు వందల మంది, ఏళ్ల తరబడి.

మనం కూడా కాగితం మీద లెక్క వేసుకుందాం. మొదటి ఆట ధర 60 డాలర్లు. దుకాణదారుకి పైసా ఇవ్వకుండా మొత్తం మనకే వచ్చిందనుకున్నా, 22 కోట్లు రావాలంటే 36 లక్షల పైచిలుకు కాపీలు అమ్మాలి. ప్రకటనల ఖర్చు వేరే. ఆ ఆట మూడు రోజుల్లో 40 లక్షలు అమ్మింది, ఒడ్డున పడింది. అమ్మగలగడానికి కారణం ఆట గొప్పదనం ఒక్కటే కాదు. అప్పటికి జనం ఇళ్లల్లో పది కోట్లకి పైగా ప్లేస్టేషన్ 4 పెట్టెలున్నాయి. పెట్టెలు మూడో వంతే ఉంటే అదే ఆట, అదే ఖర్చు, ఏమయ్యేది? మా మేనల్లుడి ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది, కాసేపట్లో చెబుతాను.

సోనీ రెండు రకాలుగానూ కొని చూసింది. ఇన్‌సోమ్నియాక్ స్టూడియో 1996 నుంచి ప్లేస్టేషన్‌కి ఆటలు చేస్తూ వచ్చింది. స్పైరో, రాచెట్, ఆపైన స్పైడర్ మాన్. సోనీ దాన్ని 2019లో కొన్నది. ధర 22.9 కోట్ల డాలర్లు. అంటే ఇరవై ఏళ్ల పైగా చేయి తిరిగిన స్టూడియో మొత్తం ధరా, ఒక్క పెద్ద ఆట తయారీ ఖర్చూ దాదాపు సమానం. అంతకన్నా లాభసాటి బేరం ఈ రంగంలో నాకైతే తెలీదు. మూడేళ్లకి, అందరూ ఆన్‌లైన్‌లో నెలల తరబడి ఆడే ఆటలే భవిష్యత్తని నమ్మి, బంగీ అనే స్టూడియోని 360 కోట్ల డాలర్లకి కొన్నది. 2023లో ఫైర్‌వాక్ అనే కొత్త స్టూడియోని కొన్నది. ఆ స్టూడియో అప్పటికి ఒక్క ఆట కూడా విడుదల చేసి ఎరగదు. దాని మొదటి ఆట కాంకర్డ్ 2024 ఆగస్టు 23న వచ్చింది. ఆడేవాళ్లు లేరు. రెండు వారాల్లో, సెప్టెంబరు 6న, ఆపేసి కొన్నవాళ్లకి డబ్బు వాపసు ఇచ్చేశారు. అక్టోబరులో స్టూడియోనే మూసేశారు.

అదే సెప్టెంబరు 6న సోనీ నుంచే ఇంకో ఆట విడుదలైంది. ఆస్ట్రో బాట్. బుల్లి రోబో గెంతుతూ పోయే ఆట. చేసింది టోక్యోలోని టీమ్ అసోబి, అరవై మంది చిల్లర. ఏడాది చివర ఉత్తమ ఆట బహుమతి దానికే వచ్చింది. ఈ టీమ్ ఎక్కడిదనుకున్నారు? సోనీకి జపాన్‌లో పాతికేళ్లకి పైబడిన స్టూడియో ఉండేది, జపాన్ స్టూడియో అనే పేరు. 2021లో దాన్ని రద్దు చేసి మిగిల్చిన ఒక కొమ్మ ఇది. ఆస్ట్రో బాట్ ఆడుతూ పోతే ఆ మూతపడ్డ స్టూడియో వాళ్ల పాత ఆటలు కొన్ని ఒక్కో మజిలీగా ఎదురవుతాయి. లోకోరోకో ఉంటుంది, కోతుల్ని వలేసి పట్టే ఆట ఉంటుంది. పంచుకుపోయిన ఇంట్లో తాతల ఫోటోలు దులిపి పెట్టినట్టుంటుంది నాకైతే.

మిగిలింది మైక్రోసాఫ్ట్. ఇందాకటి బంగీనే 2000లో కొని, 2001లో హేలో ఆటతో ఎక్స్‌బాక్స్‌ని నిలబెట్టింది. కొన్న ఏడేళ్లకి ఆ బంగీయే స్వతంత్రం అడిగి వెళ్లిపోయింది, హేలోని ఇక్కడే వదిలి. 2016లో ఇంగ్లండ్‌లోని లయన్‌హెడ్‌ని మూసేసింది. దాంతో గోదాము ఖాళీ అయిందని విమర్శలొస్తే, 2018లో లాస్ ఏంజెలెస్ వేదిక మీద ఒకేసారి ఐదు స్టూడియోలు చేరుతున్నాయని ప్రకటించింది. నాలుగు కొన్నవి, ఒకటి కొత్తగా పెట్టింది. కొన్న నాలుగింట్లో ఒకటి ప్లేగ్రౌండ్ గేమ్స్. మా మేనల్లుడి కార్ల ఆట వాళ్లదే. అప్పటికే ఆరేళ్లుగా మైక్రోసాఫ్ట్‌కి ఫోర్జా హొరైజన్ చేస్తున్నవాళ్లు. కొత్తగా పెట్టింది ద ఇనీషియేటివ్. ప్లేగ్రౌండ్ ఇవాళ కళకళలాడుతోంది. ఇనీషియేటివ్ ఒక్క ఆట కూడా బయటికి తేకుండానే 2025 జూలైలో మూతపడింది. అది చేస్తున్నది పర్ఫెక్ట్ డార్క్, రేర్ వాళ్ల పాత ఆటకి కొత్త రూపం. అదే రోజుల్లో రేర్ చేస్తున్న మరో ఆటని కూడా ఆపేశారు.

ఐదింటితో ఆగితే బాగుండేది. కానీ అప్పటికే గేమ్ పాస్ పెట్టారు. నెలకింత కడితే ఎన్ని ఆటలైనా ఆడుకోవచ్చు, సొంత ఆటలు విడుదలైన రోజునే అందులో పెడతామన్నారు. నెలవారీ టికెట్ల మెస్సు లాంటిది. మెస్సు పెట్టినవాడికి రోజూ కొత్త కూర కావాలి. లేకపోతే నెలాఖరుకి టికెట్టు తీసుకునేవాడు తగ్గిపోతాడు. అందుకని 2021లో బెథెస్డా అనే ఆటల కంపెనీ మాతృసంస్థని 750 కోట్ల డాలర్లకి కొన్నారు. ఆ తరవాత, 2022 జనవరిలో ప్రకటించి 2023 అక్టోబరులో ముగించిన బేరం, యాక్టివిజన్ బ్లిజార్డ్. ధర 6,870 కోట్ల డాలర్లు. ప్రకటించిన నాటి మారకంలో 5 లక్షల కోట్ల రూపాయల పైమాట. ఆ సంవత్సరం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల బడ్జెట్లు ఒక్కొక్కటీ రెండున్నర లక్షల కోట్ల చిల్లర. రెండూ కలిపితే ఎంతో, దాదాపు అంత! ఆ చెక్కు మీద ఆఖరి మాట మన హైదరాబాద్‌లో, బేగంపేట బడిలో చదివిన కంపెనీ అధిపతి సత్య నాదెళ్ల గారిది.

యాక్టివిజన్ పేరు గుర్తుపెట్టుకోమన్నాను కదా. పెట్టె కంపెనీ ఇంట్లో గౌరవం లేదని నలుగురు గోడ దూకి పెట్టుకున్న కంపెనీ. చేతులు మారి, దివాలా తీసి, మళ్లీ లేచి, నలభై నాలుగేళ్లకి ఇంకో పెట్టె కంపెనీ ఇంట్లోకే చేరింది.

ఇప్పుడు మా మేనల్లుడికి జవాబు. మైక్రోసాఫ్ట్ తన పెట్టె అమ్ముకోవడానికని స్టూడియోలు కొన్నది, నిజమే. కానీ కొంటూ కొంటూ పోయేసరికి స్టూడియోల ఖర్చు ఆ పెట్టెలు మోయలేనంత అయింది. ఎక్స్‌బాక్స్‌లు ఎన్ని అమ్ముడయ్యాయో మైక్రోసాఫ్ట్ 2015 తరవాత చెప్పడమే మానేసింది. ఎన్నో లెక్క తెలియకపోయినా, ప్లేస్టేషన్ కన్నా బాగా తక్కువని అందరికీ తెలుసు. వేల కోట్ల డాలర్లు పోసి కొన్న ఆటల్ని ఆ తక్కువ పెట్టెల మీదే అమ్మితే వడ్డీ కూడా గిట్టదు. అందుకని ఆటలు అవతలివాడి సంతకి బయల్దేరాయి. 2024లో మొదట నాలుగు ఆటలు, ఆ తరవాత ఇండియానా జోన్స్, ఫోర్జా, గేర్స్ ఆఫ్ వార్. అక్కడ నూటికి 30 ఎదురు కట్టి మరీ అమ్ముకుంటున్నారు. పెట్టెకి బలం కోసం తెచ్చుకున్న బలగం, పెరిగి పెరిగి, పెట్టెతో పనిలేని స్థితికి వచ్చింది.

ఆ బరువు కింద నలిగినవాళ్లు వేరే. 2024 జనవరిలో 1,900 మంది ఉద్యోగాలు పోయాయి. మేలో టోక్యోలోని టాంగో గేమ్‌వర్క్స్‌ని మూసేశారు. వాళ్లు అంతకు ముందటేడు హై-ఫై రష్ అని, పాట తాళానికి తగ్గట్టు కొట్లాడే ఆట చేసి అందరి చేతా శభాష్ అనిపించుకున్నవాళ్లు. ఆట ఆడకపోతే స్టూడియో మూయడం ఎక్కడైనా ఉంది. ఆడిన స్టూడియోని కూడా మూశారంటే, పైన కూచున్నవాడికి అన్నీ కంటికి ఆనడం లేదనే నేననుకుంటాను. కొరియాకి చెందిన క్రాఫ్టన్ ఆ ఆగస్టులో టాంగోని చేరదీసింది.

మరి పెంచుకోవాలా, వద్దా అంటే, నా మట్టుకు నేను పెంచుకోమంటాను, జనం ఇళ్లల్లో ఉన్న తన పెట్టెలు మోయగలిగినంత మేరకి. పది కోట్ల పెట్టెలున్నవాడు ఇరవై రెండు కోట్ల డాలర్ల ఆట చేయొచ్చు. మూడు కోట్లున్నవాడు అరవై మందితో చేసే ఆటలు నాలుగు చేయాలి. కొనేటట్టయితే, మూడు ఆటలు కలిసి చేయకుండా ఏ స్టూడియోనీ కొనకూడదు. ఇన్‌సోమ్నియాక్, నెక్స్ట్ లెవెల్, ప్లేగ్రౌండ్ నిలబడ్డది అందుకే. కొత్త మనుషుల్ని తీసుకుంటే విడిగా కొత్త భవంతిలో కాదు, పాతవాళ్ల పక్క కుర్చీలో కూచోబెట్టాలి. ఇది ఆలస్యమయ్యే పని, వాటాదార్లు ఒప్పుకోరు అంటారు. ఒప్పుకోకపోవచ్చు. వాటాదారుకి మూడు నెలల లెక్క, ఆటకి ఐదేళ్ల లెక్క, ఈ రెండూ ఎప్పుడూ కలవలేదు.

పొరపాటు అవతలి వైపూ ఉంది, అదీ చెప్పాలి. సొంత స్టూడియోలు అసలే వద్దనుకున్నా పని జరగదు. పెట్టెల కంపెనీ సెగాని చూడండి. 2001లో డ్రీమ్‌కాస్ట్ పెట్టె తయారీ ఆపేసింది. పెట్టె పోయింది కానీ సెగా పోలేదు, ఇంటి స్టూడియోలు మిగిలి ఉండబట్టి. నిన్నటిదాకా మారియోతో కొట్లాడిన సెగా హీరో సోనిక్ ఆ మరుసటి సంవత్సరానికల్లా నింటెండో పెట్టెలోనే పరుగెత్తాడు. సొంత ఆటలే లేని పెట్టె కంపెనీ అయితే ఆ రోజు దుకాణం కట్టేసేది.

ఇదంతా మావాడికి ఒక సాయంత్రం చెప్పాను. విని, "అయితే నా పెట్టెలో ప్రత్యేకం ఇంకేం మిగిలినట్టు మావయ్యా?" అన్నాడు. నాకు వెంటనే ఏమీ తోచలేదు.

తరవాత ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్తే, టీవీ ముందు బాసింపట్టు వేసుకొని కూచొని ఉన్నాడు. ఆ ఆటలో ఏ పెట్టె వాళ్లయినా కలిసి ఆడుకోవచ్చట. మావాడు ఇక్కడి నుంచి, స్నేహితుడు పక్క వీధి నుంచి, ఇద్దరూ మెక్సికోలో ఒకే రోడ్డు మీద. మావాడి చెవిలో ఫోను తీగ. "ఒరేయ్, ఎడమకి తిప్పు, ఎడమకి!" అని ఆ పిల్లవాడు అరుస్తున్నాడు. వేసవి కదా, రెండిళ్ల కిటికీలూ తెరిచి ఉన్నాయి. ఫోనులో వచ్చే మాట కన్నా కిటికీలోంచి వచ్చే మాటే ఒక అరక్షణం ముందు వినిపిస్తోంది.